సీనియారిటీ అబ్జెక్షన్లు రాసిపెట్టే సూపర్నెంటు గారు: వెళ్లొచ్చినవాడి రివ్యూ

ప్రొవిజనల్ సీనియారిటీ లిస్టు (ఉద్యోగంలో ఎవరు ముందు ఎవరు వెనక అని ఆఫీసు వేసే తాత్కాలిక వరస) చేతిలో పట్టుకుని అబ్జెక్షన్ ఎలా రాయాలో తెలీక తిరిగేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా, కొంచెం పొడుగైంది, ఓపికుంటే చదవండి. ఈయనకి బోర్డు లేదు, విజిటింగ్ కార్డు లేదు, మ్యాప్‌లో కొడితే రాదు. పేరు రాయనా సార్ అనడిగితే "వద్దు బాబూ, పెన్షన్ తీసుకుంటూ నా మానాన నేనున్నా" అన్నారు, అందుకని రాయట్లేదు. విజయవాడలో ఒక సందులో మేడ మీద రెండు గదులు, కింద జిరాక్స్ షాపు. ఆ షాపులో కుర్రాడు మన చేతిలో కాగితాలు చూసే కనిపెట్టేస్తాడు, "సర్వీస్ మేటరా సార్, పైకెళ్లండి, చెప్పులు మెట్ల మీదే" అంటాడు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ముప్పై ఏళ్ల పైన నలిగి సూపరింటెండెంట్‌గా రిటైరైన మనిషి, అందరూ సూపర్నెంటు గారనే అంటారు, నేనూ అలాగే రాస్తా. అబ్జెక్షన్లు, రిప్రజెంటేషన్లు, అప్పీళ్లు డ్రాఫ్ట్ చేసి పెడతారు. లాయర్ కాదు, కోర్టు మెట్లెక్కరు, ఆఫీసులో ఎవరికీ ఫోన్ చేసి చెప్పరు, ఆ ఆశతో వెళ్లేవాళ్లు కింద జిరాక్స్ దగ్గరే ఆగిపోవచ్చు.

ఇంక నా సంగతి. మా డిపార్ట్‌మెంట్‌లో రెండు వింగులుండేవి, ఎవరి యూనిట్ వాళ్లది, ఎవరి లిస్టు వాళ్లది, ఎవరి ప్రమోషన్లు వాళ్లవి. రెండిటినీ కలిపేశారు. జీవో వచ్చిన రోజు మా సెక్షన్‌లో స్వీట్లు కూడా పంచారు, పోస్టులు పెరుగుతాయి, హెడ్డాఫీసు ఒకటే అవుతుంది, ఫైళ్లు తొందరగా కదుల్తాయి అని. ఆ తర్వాత సీనియర్ అసిస్టెంట్ల కామన్ లిస్టు వచ్చింది. మొత్తం 64 పేర్లు. మా యూనిట్‌లో నేను మూడోవాడిని, ఇందులో 38.

ఈ 38 అంటే ఏంటో బయటివాళ్లకి చెప్తే అర్థం కాదు. మా ఆవిడ "జీతం తగ్గిందా?" అంది, తగ్గలేదన్నా, "మరింకేంటి" అంది. మూడోవాడినంటే ఈ ప్యానెల్ ఇయర్ (ప్రమోషన్ల జాబితా వేసే ఏడాది) కాకపోతే వచ్చే సెప్టెంబర్‌కి సూపరింటెండెంట్ అయిపోతా అని లెక్క. 38 అంటే సీనియర్ అసిస్టెంట్‌గానే దండలేయించుకుని ఇంటికి రావడం. పైనున్నవాళ్ల పుట్టిన తేదీలు నోటికి రానివాడు గవర్నమెంట్ ఉద్యోగే కాదు, అందరం లోపల్లోపల లెక్కేసుకుంటాం, పైకి ఎవరూ ఒప్పుకోరు. 2022లో రిటైర్మెంట్ 60 నుంచి 62 చేసినప్పుడే మా లెక్కలు ఒకసారి తారుమారయ్యాయి, పైవాళ్లు ఇంకో రెండేళ్లు కుర్చీలోంచి లేవలేదు (నాకూ రెండేళ్లు పెరిగాయి లెండి, అది అప్పుడు గుర్తుకురాదు). ఇప్పుడీ లిస్టు. అబ్జెక్షన్లకి పదిహేను రోజులిచ్చారు, అందులో రెండు ఆదివారాలు, ఒక రెండో శనివారం, మధ్యలో మా మరదలి గృహప్రవేశం.

నేనే కూర్చుని పద్నాలుగు పేజీలు రాశా. అవును, పద్నాలుగు. "కడుపు మండి వ్రాయుచున్నది ఏమనగా" అని లేదు కానీ ఇంచుమించు అదే ధోరణి. నేను 2007లో జూనియర్ అసిస్టెంట్‌గా చేరితే 2010లో చేరినవాడు నాకంటే పైన 21లో ఎలా ఉంటాడు, నా పదిహేడేళ్ల సర్వీసు ఏమైపోయింది, నేనున్నప్పుడు వాళ్ల వింగ్ ఆఫీసుకి ఫర్నిచర్ కూడా లేదు, ఇలాంటివన్నీ రాశా. మా ఆఫీసులో అటెండర్ చదివి "సార్ చాలా బాగుంది సార్" అన్నాడు, అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మా యూనియన్‌లో ఒకాయన ఈ సూపర్నెంటు గారి దగ్గరికి పంపారు. వెళ్లేసరికి బల్ల మీద నలుగురున్నారు. టోకెన్ లేదు, ఎవరు ముందొస్తే వాళ్లే, కానీ అక్కడ కూర్చోవడమే సగం ట్యూషన్ లాంటిది, ఎందుకంటే లోపల చెప్పేదంతా బయటికి వినిపిస్తుంది, మధ్యలో ఉన్నది కర్టెనే. ప్రైవసీ కావాలనుకునేవాళ్లకి ఇది మైనస్ అని నోట్ చేసుకోండి. నాకు ముందు ఆర్టీసీ ఆయన ఒకరు. 2020 జనవరి 1న ఆర్టీసీ వాళ్లందర్నీ ప్రజా రవాణా శాఖ కిందికి తెచ్చి గవర్నమెంట్ ఉద్యోగుల్ని చేశారు కదా, చాలామంది అక్కడితో కథ సుఖాంతం అనుకున్నారు, ఈయన మాత్రం కార్పొరేషన్‌లో ఉన్న నా పోస్టు గవర్నమెంట్‌లో దేనికి సమానం అని అడుగుతున్నారు, జీతం ఒకటే కదా సార్ ఆ పోస్టుతో కలపొచ్చు కదా అని. లోపల్నుంచి సూపర్నెంటు గారి గొంతు: "జీతం చివర చూస్తారండీ, ముందు మీరేం పని చేస్తారు, మీ కింద ఎంతమంది, ఎంత ఏరియా, ఏ సంతకం మీది, చేరేటప్పుడు ఏ చదువు అడిగారు, ఇవన్నీ చూశాక అప్పుడు జీతం."

తర్వాత నా వంతు వచ్చినప్పుడు ఇది ఎక్కడిదండీ అనడిగా. 1956లో రాష్ట్రాలు కలిపినప్పుడు ఏ పోస్టుని ఏ పోస్టుతో సమానం చెయ్యాలి అన్న గొడవకి పెట్టుకున్న కొలతలట, మధ్యప్రదేశ్ ఇంజనీర్ల తగువులో 1968లో పీకే రాయ్ కేసని సుప్రీంకోర్టు ఆ నాలుగూ (పని, అధికారం, చదువు, జీతం) సరైనవేనని చెప్పింది, ఇప్పటికీ ఎక్కడ రెండు ఆఫీసులు కలిసినా అవే బయటికి తీస్తారు. మనకీ ఆ 1956లోనే నవంబర్ 1న ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లూ హైదరాబాద్ స్టేట్ నుంచి వచ్చినవాళ్లూ ఒకే లిస్టులోకి వచ్చారు, ఇటువైపు మద్రాసు రూల్స్, అటువైపు నిజాం నాటి పద్ధతులు. ఎవరి సీనియారిటీ ఎక్కడ అన్నది రాష్ట్రం ఇష్టానికి వదిలెయ్యకుండా పునర్వ్యవస్థీకరణ చట్టం 115వ సెక్షన్‌లో కేంద్రం చేతిలో పెట్టారు, అయినా ఆ పంచాయితీ ఏళ్లకేళ్లు నడిచింది. "నేను ఉద్యోగంలో చేరినప్పుడు కూడా మా పెద్ద సూపర్నెంటు దాని గురించే మాట్లాడేవాడయ్యా, ఆయన రిటైరైపోయాడు, కేసు రిటైర్ అవ్వలేదు" అన్నారు. ఈ మనిషి దగ్గర ఇదొక సమస్య, మన పని మధ్యలో చరిత్రలోకి వెళ్లిపోతారు, వెనక బల్ల మీద వాళ్లు దగ్గుతుంటారు. 371డి, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబర్‌లో వచ్చిన 610 జీవో, ఇలా స్థానికులకి ఉద్యోగాల గొడవలన్నీ తిరిగొచ్చాకే మన కాగితం ముట్టుకుంటారు. నాకు నచ్చింది, అర్జెంటున్నవాళ్లకి నచ్చదు.

నా పద్నాలుగు పేజీలు తీసుకున్నారు. మొదటి పేజీ చదివారు, రెండోది సగం చదివారు, మిగతావి వేలితో బరువు చూసి పక్కన పెట్టారు. కొంచెం మనసు చివుక్కుమంది. "లిస్టేదీ?" అన్నారు. ఇచ్చా. ఇప్పుడాయన చేసిందే ఈ సర్వీసుకి అసలు విలువ, వివరంగా చెప్తా. డ్రాయర్‌లోంచి చెక్క స్కేలు తీసి లిస్టులో ఒక్కో లైన్ కింద పెట్టుకుంటూ, ఎర్ర పెన్నుతో, పేరు వైపు చూడకుండా, చివరి నాలుగు కాలమ్‌లే చదువుకుంటూ పోయారు: కేటగిరీలో చేరిన తేదీ, పొద్దున పూటా మధ్యాహ్నం పూటా, ప్రొబేషన్ డిక్లేర్ చేసిన తేదీ, రిమార్క్స్. రిమార్క్స్ కాలమ్ నేనసలు చూడలేదు, అక్కడ చిన్న అక్షరాల్లో "టి.పి." అనీ "ఆర్.టి." అనీ ఉంటే ఏదో ప్రింటింగ్ అనుకున్నా. నలభై నిమిషాలు పట్టింది, ఆ నలభై నిమిషాల్లో ఫోన్ రెండుసార్లు మోగినా ఎత్తలేదు. తర్వాత పాత క్యాలెండర్ కాగితం తిప్పి వెనక మధ్యలో ఒక గీత గీసి, ఎడమవైపు మా వింగు, కుడివైపు వాళ్ల వింగు, తేదీలు కిందకి దింపారు. అప్పుడు స్కేలు పక్కన పెట్టి నా వైపు చూసి "నువ్వు రాసిన పద్నాలుగు పేజీల్లో పనికొచ్చేది ఒక్కటీ లేదు. నీకు న్యాయంగా రావాల్సినవి మూడున్నాయి, అవి నువ్వు రాయలేదు" అన్నారు.

21వ నంబర్ సంగతి ముందు. నా కడుపుమంటంతా అతని మీదే. అతను నాకంటే మూడేళ్లు వెనక చేరాడు, నిజమే. కానీ వాళ్ల వింగ్‌లో రిటైర్మెంట్లు ఒక్కసారిగా వచ్చి ఖాళీలు ఎక్కువయ్యాయి, మా దాంట్లో చిన్న యూనిట్, ఒకాయన లేస్తేగానీ ఇంకొకడు కూర్చోడానికి లేదు. అతను 2013లో సీనియర్ అసిస్టెంట్ అయ్యాడు, రూల్ ప్రకారం, ప్యానెల్‌లో పేరొచ్చి, టెస్టులు పాసై. నేను 2015 జూన్‌లో అయ్యా. స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్ 1996, రూల్ 33, అందులో చెప్పేది ఆ కేటగిరీలో మొదట నియామకమైన తేదీ గురించి. సీనియర్ అసిస్టెంట్ల లిస్టు వేస్తున్నప్పుడు సీనియర్ అసిస్టెంట్ అయిన తేదీనే చూస్తారు, జూనియర్ అసిస్టెంట్‌గా ఎవడెప్పుడు చేరాడు అన్నది లెక్కలోకే రాదు. నేను వాదించా, అదెలా సార్ నేను ముందు చేరితే అని, రెండుసార్లు వాదించా, మూడోసారి "ఏవయ్యా, నువ్వు స్కూల్లో అతనికంటే ముందు చేరావు, అతను టెన్త్ ముందు పాసయ్యాడు, ఇప్పుడు టెన్త్ పాసైనవాళ్ల లిస్టు వేస్తుంటే ఒకటో క్లాసు అడ్మిషన్ నంబర్ చూపిస్తావేంటి" అన్నారు. వెనక బల్ల మీద ఎవరో నవ్వారు. నాకు చెమటలు పట్టాయి. మీలో చాలామంది ఇదే పట్టుకుని తిరుగుతున్నారు, నాకు తెలుసు, ఏ టీ కొట్టు దగ్గర విన్నా ఇదే మాట, "వాడు నా తర్వాత చేరాడు". రెండు యూనిట్లకి ప్రమోషన్ల స్పీడు ఒకటి కానప్పుడు ఆ తేడా కలిపాక లిస్టులోకి అలాగే దిగిపోతుంది. నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది ఇప్పటికీ, చిన్న యూనిట్‌లో పుట్టడం నా తప్పా, కలిపేముందు దీని గురించి ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించాలి, కానీ అబ్జెక్షన్‌లో రాస్తే నిలబడదు అన్నది మాత్రం ఒప్పుకున్నా.

పోనీ 2013లో అతనికి ప్రమోషన్ ఇవ్వడమే తప్పని రాస్తే అన్నా. అప్పుడు వేరే యూనిట్, నీకేం సంబంధం అన్నారు, సంబంధమున్నా ఇన్నేళ్లు నిద్రపోయి ఇప్పుడు లేస్తే వినరు, సదాశివస్వామి కేసులో 1974లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ప్రమోషన్ విషయంలో బాధ ఉంటే ఆరు నెలల్లో, మహా అయితే ఏడాదిలో రావాలి అని. ఇది విన్నాక బల్ల మీద ఇద్దరు మొహమొహాలు చూసుకున్నారు, వాళ్లది 2011 మేటరట.

ఇంక నాకు రావాల్సిన మూడు. ఒకటి, రిమార్క్స్‌లో "టి.పి." అన్నవాళ్లు ముగ్గురు, టెంపరరీ ప్రమోషన్, రూల్ 10 కింద అర్జెంటు పని గడవడానికి కూర్చోబెట్టినవాళ్లు, 2013లో కూర్చున్నారు, 2016లో రెగ్యులర్ అయ్యారు, లిస్టులో మాత్రం 2013 తేదీ వేశారు. రూల్ ప్రకారం కాకుండా తాత్కాలికంగా చేసిన కాలం సీనియారిటీకి లెక్కించకూడదని 1990లో మహారాష్ట్ర ఇంజనీర్ల కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది. రెండోది "ఆర్.టి.", రిక్వెస్ట్ ట్రాన్స్‌ఫర్, 17వ నంబర్ ఆయన సొంతూరు దగ్గరవుతుందని అడిగి వేరే యూనిట్ నుంచి వచ్చారు. రూల్ 35, ప్రభుత్వం తన అవసరానికి పంపితే పాత సీనియారిటీ వెంట వస్తుంది, మనమే అడిగి వెళ్తే కొత్త యూనిట్‌లో చేరిన తేదీ నుంచే, అంటే అప్పటికి అక్కడున్న అందరికీ కింద. ఆయన రాసిచ్చే ఉంటాడు, సీనియారిటీ పోయినా ఫర్వాలేదు అని, అందరూ రాసిస్తారు, లిస్టు వేసినప్పుడు ఎస్సార్‌లో (సర్వీస్ రిజిస్టర్) ఆ పేజీ ఎవరూ తిప్పరు.

మూడోది నాకు తల కొట్టేసినట్టు అనిపించింది, ఎందుకంటే అది నా ముక్కు కిందే ఉంది. 37 మా యూనిట్ మేడమే. ఇద్దరికీ ఒకే ఆర్డర్‌లో ప్రమోషన్ వచ్చింది 2015లో, ఆర్డర్‌లో నాది రెండో పేరు, ఆవిడది మూడోది. ఆవిడ జూన్ 12న చేరిపోయారు, నన్ను పాత సీట్లోంచి రిలీవ్ చెయ్యడానికి మూడ్రోజులు పట్టింది, ఆడిట్ నడుస్తోంది అప్పుడు, 15న చేరా. మా పాత లిస్టులో ఎప్పుడూ నేనే పైన. కొత్త లిస్టు తయారుచేసిన కుర్రాడు కంప్యూటర్లో చేరిన తేదీ మీద సార్టింగ్ కొట్టాడు, అంతే, ఆవిడ పైకి నేను కిందికి. ఒకే ఆర్డర్‌లో ఇద్దరికి ఇస్తే ఆర్డర్‌లో పెట్టిన వరసే సీనియారిటీ, పైగా రూల్ 34లోనే ఉంది, యూనిట్లు కలిపి కామన్ లిస్టు వేసేటప్పుడు ఒకే యూనిట్ వాళ్ల మధ్య ఉన్న వరస చెడగొట్టకూడదు అని. నేను లిస్టు వచ్చిన రోజు నుంచీ 21 వైపే చూస్తూ కూర్చున్నా, 37 వైపు చూడలేదు. మేడమ్‌తో రోజూ ఒకే క్యారేజీలో తింటాం, ఆవిడా చెప్పలేదు, ఆవిడకి తెలుసో లేదో నేనడగలేదు.

ఈ మూడూ కలిపి రెండు పేజీలు. ఒక్కో పాయింట్‌కి లిస్టు సీరియల్ నంబర్, తప్పు తేదీ, సరైన తేదీ, ఆర్డర్ నంబర్, జతపరిచిన కాగితం నంబర్. విశేషణాలు లేవు. "తీవ్ర మనోవేదన" అని నేనొక ముక్క పెట్టమన్నా, "మనోవేదనకి కాలమ్ లేదు" అని కొట్టేశారు. అన్నీ నెగ్గితే నువ్వు 33కి వస్తావు, సూపరింటెండెంట్ ఖాళీలు ఐదున్నాయి అంటున్నావు, కాబట్టి ఈ కాగితంతో ప్రమోషన్ రాదు, ఐదు మెట్లు ఎక్కుతావంతే, తెలుసుకుని డబ్బులియ్యి అని ముందే చెప్పారు. ఇలా చెప్పే సర్వీసు నేనింతవరకూ చూళ్లేదు. అంతకుముందు ఒక టైపింగ్ సెంటర్‌కి వెళ్తే కచ్చితంగా టాప్ టెన్‌లోకి తెస్తాం సార్ అని ఐదు వేలు అడిగారు. ఈయన తీసుకుంది పన్నెండు వందలు, జిరాక్సులు మనవి. రసీదు ఉండదు. యూపీఐ ఉంది కానీ మనవడి నంబరుది, ఆ అబ్బాయి కాలేజీ నుంచి మెసేజ్ పెట్టేదాకా మనల్ని కదలనివ్వరు.

టైపింగ్ స్లో, చాలా స్లో, రెండు వేళ్లతో కొడతారు. పాత అను ఫాంట్‌లో కొట్టి ప్రింట్ ఇస్తారు, ఆ ఫైలు మన ఈ-ఆఫీసులో పెడితే పిచ్చి అక్షరాలొస్తాయి, కాబట్టి ప్రింట్ స్కాన్ చేసుకుని పెట్టుకోండి. నేను తెలీక ఫైలే పంపించా, తపాలా సెక్షన్ నుంచి ఫోన్ వచ్చింది, ఇదేం భాష సార్ అని.

ఇప్పుడు అసలు కంప్లైంట్. సంతకం పెట్టిన ఫైనల్ కాపీ కోసం నాలుగో రోజు వెళ్తే బల్ల మీద ఎవరున్నారు, 21వ నంబర్. నేను పద్నాలుగు పేజీల్లో తొమ్మిది పేజీలు తిట్టిన మనిషి, ఒక ప్లాస్టిక్ కవర్‌లో కాగితాలు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. మీటింగుల్లో చూశా కానీ ఎప్పుడూ మాట్లాడలేదు. "మీరూ ఇక్కడికేనా అన్నా" అన్నాడు. ఏం చెప్పాలో తెలీక అవును తమ్ముడూ అన్నా. అతనికీ 17వ నంబర్ మీదే అబ్జెక్షనట, టి.పి. ముగ్గురిలో ఇద్దరి మీద కూడా. లోపలికెళ్లి సార్ ఇదేంటి సార్, మేమిద్దరం ఒకే లిస్టులో ఉన్నాం కదా, ఇద్దరికీ మీరే రాస్తే ఎలా అన్నా. ఆయన కళ్లజోడు పైకి నెట్టి "నీ మీద అతను రాయట్లేదు, అతని మీద నువ్వు రాయట్లేదు, నేను కొట్టేశా కదా ఆ తొమ్మిది పేజీలు" అన్నారు. లాజిక్ ఉంది, కాదనను. కానీ చెప్పాలి కదా ముందు. పైగా కర్టెన్ పక్కన కూర్చుని అతను నా తొమ్మిది పేజీల సంగతి విన్నాడా అని ఇప్పటికీ నాకు డౌటే.

అంతటితో ఆగలేదు. ఇద్దరం మా మా ఆఫీసుల్లో ప్రాపర్ చానెల్‌లో, అంటే పై అధికారి ద్వారా, పెట్టాం, హెడ్డాఫీసులో రెండూ ఒకే టేబుల్ మీదికి చేరాయి. 17వ నంబర్ మీద పేరా రెండిటిలో అక్షరం పొల్లు పోకుండా ఒకటే, "స్వంత అభ్యర్థన" అన్నచోట "స్వంత అభ్యర్ధన" అని తప్పు పడితే ఆ తప్పు కూడా రెండిట్లోనూ ఉంది. సెక్షన్ క్లర్కు నన్ను చూసి "ఇద్దరూ ఒకే మాస్టారి దగ్గర ట్యూషనా సార్" అని నవ్వాడు. నష్టం జరగలేదు, ఒకే రకం అబ్జెక్షన్లని కలిపేసి నోట్ రాశారు, ఒక రకంగా ఇద్దరు చెప్తే బలమేనేమో, కానీ పన్నెండు వందలిచ్చినప్పుడు పేరా అయినా కొత్తగా రాయాలి కదండీ. దీనికే ఒక స్టార్ తీసేశా.

రిజల్ట్ అడుగుతారు కాబట్టి చెప్తా. నాలుగు నెలలకి రివైజ్డ్ లిస్టు వచ్చింది, నేను 34. మేడమ్ సంగతి సరిచేశారు, 17 ఆయన కిందికి దిగాడు (ఇప్పుడు మాట్లాడట్లేదు), టి.పి. ముగ్గురిలో ఇద్దరు దిగారు. మూడో ఆయన్ని 2016లో రెగ్యులర్ చేసినప్పుడే వెనకటి తేదీ నుంచి చేస్తూ ఆర్డర్ ఇచ్చారట, అది మాకు తెలీదు. సూపర్నెంటు గారు మొదటిరోజే ఆ ఆర్డర్ కాపీలు ఆర్టీఐలో తెచ్చుకో అన్నారు, ఆర్టీఐకి ముప్పై రోజులు, అబ్జెక్షన్‌కి పదిహేను, ఎక్కడ కుదుర్తుంది. ఈ గడువులు పెట్టేవాళ్లకి ఇంతమాత్రం తెలీదా లేక తెలిసే పెడతారా అన్నది మీరే చెప్పండి. నా మూడు పాయింట్లకీ కారణాలు రాసి జవాబిచ్చారు, అది మాత్రం రూల్ నంబర్లు రాయబట్టే, మా కొలీగ్ ఒకాయన ఆవేశంగా రాసిన ఏడు పేజీలకి "పరిశీలించి తిరస్కరించడమైనది" అని ఒక్క లైన్ వచ్చింది. ఇంకా పైకి వెళ్లాలంటే హైకోర్టే, ట్రిబ్యునల్ ఉన్న రోజులు కావు. లాయర్ ఖర్చు లెక్కేసుకుని, 34 నుంచి 33కి రావడానికా అని ఆగిపోయా.

టీచర్లు వెళ్తే మాత్రం కొంచెం ఆలోచించుకోండి. నేనున్నప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్ మాస్టారొకరు ఎంఈవో ప్రమోషన్ సంగతి తెచ్చారు, గవర్నమెంట్ టీచర్లు, పంచాయతీరాజ్ టీచర్లు, ఇద్దర్నీ ఒకే సర్వీసుగా లెక్కించాలా వద్దా అన్న పాత తగువు. ఒకే సర్వీసు చేస్తూ 2017లో రాష్ట్రపతి ఉత్తర్వులొచ్చాయి, 2018లో హైకోర్టు కొట్టేసింది. సూపర్నెంటు గారు చేతులెత్తేశారు, "ఇది నా రెండు పేజీలకి లొంగేది కాదు మాస్టారూ, మీ సంఘం వాళ్లతో వెళ్లండి" అని డబ్బులు తీసుకోకుండా పంపేశారు, టీ మాత్రం ఇచ్చారు. అలాగే తెలంగాణ మేటర్లు చూడరు. మా వదిన అక్కడ టీచరు, ఉద్యోగుల్ని సీనియారిటీ చూసి కొత్త జిల్లాలకి పంచుతూ 2021 డిసెంబర్‌లో వచ్చిన 317 జీవోతో జూనియర్ కిందికి వచ్చి సొంత జిల్లా పోయి ఎక్కడో పడింది, అక్కడ సీనియారిటీ అంటే ప్రమోషన్ కూడా కాదు, పిల్లలు ఏ ఊళ్లో చదవాలి అన్నది. వీఆర్వోలని 2022లో లాటరీ తీసి వేరే శాఖలకి పంచినప్పటి గొడవలు కూడా అలాంటివే. ఫోన్ కలిపి ఇచ్చా, పదినిమిషాలు విని, "అమ్మా, రూల్స్ పుస్తకం ఒకటే అయినా జీవోలు మీవి వేరు, నేను తప్పు చెప్తే నువ్వు నష్టపోతావు" అన్నారు.

వెళ్లేవాళ్లు తీసుకెళ్లాల్సినవి: లిస్టు పూర్తి కాపీ, మన పేజీ ఒక్కటే తీసుకెళ్తే వెనక్కి పంపేస్తారు. ఎస్సార్‌లో చేరిక, ప్రొబేషన్, ప్రమోషన్ పేజీల జిరాక్సులు, ప్రమోషన్ ఆర్డర్ అన్ని పేర్లతో సహా, డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసైన గెజిట్ నంబర్లు, పాత యూనిట్‌లో చివరిసారి ఫైనల్ చేసిన లిస్టు. ఈ ఆఖరిది చాలా ముఖ్యం, నా మూడో పాయింట్ అంతా దాని మీదే నిలబడింది, అది మా ఆఫీసులో దొరక్క రిటైరైన ఒక పాత క్లర్కు గారి ఇంట్లో అటక మీంచి తెచ్చుకున్నా. నాలుగు స్టార్లు నా వైపు నుంచి. పొద్దున ఎనిమిదింటికి వెళ్లండి, పదకొండు దాటితే బల్ల నిండిపోతుంది, ఒంటిగంట నుంచి నాలుగు దాకా పడుకుంటారు, అప్పుడు లేపితే మీరు ఏ రూల్ కింద వచ్చారో ముందది చెప్పమంటారు. 21వ నంబర్ తమ్ముడు వచ్చే ప్యానెల్‌లో ఉన్నాడట, రోస్టర్ (రిజర్వేషన్ల వరస) సంగతి చూపించుకోడానికి మళ్లీ వెళ్తున్నాడు, నన్నూ రమ్మన్నాడు తోడుగా.